సముద్రంలో నాట్లు

మనుషులు ఉండకూడదని సర్కారు బోర్డు పెట్టిన దీవిలో ఒక ఆడపిల్లకు నౌకరీ ఎట్లా ఉంటుందని మొదట అడిగింది మా బావమరిది యోహాను.

ఈస్టరు అయిన మరుసటి వారం సిరిసిల్లలో వాళ్ళింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. కోరుట్ల నుంచి నేనూ, నా భార్య ఎల్లవ్వా పోయాం. యోహాను సాంచాల షెడ్డులో పనిచేస్తాడు. ఇల్లు కూడా ఆ షెడ్డు గోడకు ఆనుకునే ఉంటుంది. పొద్దంతా ఆగని ఆ మరమగ్గాల చప్పుడులో మాట్లాడాలంటే చెవి దగ్గరికి నోరు తేవాలి. అందుకేనేమో వాళ్ళింట్లో చాయ తాగుతావా అన్న మాట కూడా రహస్యంలాగే వినపడుతుంది.

మా బిడ్డ సుమలత పంపిన వీడియోను ఫోనులో అతనికి చూపించాను. జగిత్యాలలో డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఏడాది కింద అండమాన్‌లో, మనుషులు ఉండకూడని ఒక దీవి మీద పనికి చేరింది. వీడియోలో మూతికి గొట్టం పెట్టుకొని సముద్రం అడుగుకు దిగి, నులక లేని మంచం లాంటి ఇనుప చట్రానికి ఏదో రాతి ముక్కను కడుతోంది. ఎండలకు పగడం చచ్చిపోతుంటే, బతికి ఉన్న ముక్కలను తెచ్చి ఇట్లా కట్టి మళ్ళీ పెంచుతారట. నాకు తెలిసింది అంతే. అదే చెప్పాను.

యోహాను వీడియోను రెండుసార్లు చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చాడు.

"పగడమంటే ఉంగరాలల్ల పెట్టుకునేదే గద బావా. ఉట్టి రాళ్ళు కట్టుటానికి నెలనెల జీతమెవడిస్తడు? కట్టుటానికైతె ఇయ్యడు. తెచ్చుటానికిస్తడు."

ఎల్లవ్వ అటునుంచి వచ్చి ఫోను లాక్కుంది. అక్క పేరు ఎల్లవ్వ, తమ్ముడి పేరు యోహాను కావడానికి కారణం, మధ్యలో వాళ్ళ అమ్మానాన్నలు బాప్తిస్మం తీసుకోవడమే. పేర్లు వేరైనా పోట్లాటలో ఇద్దరిదీ ఒకటే నోరు.

"నీ సేటు నువ్వు నేసిన బట్ట యాడ అమ్ముతడో నీకే ఎరుక లేదు. సముద్రం ముచ్చట నీకెందుకురా" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తిరుగు బస్సులో వేములవాడ దాటేదాకా ఆ ఒక్క మాటే నాలో తిరుగుతూ ఉంది. కట్టడానికి కాదు, తేవడానికి.

నాకు అట్లా అనిపించడానికి కారణం ఉంది. పదిహేనేళ్ళ కింద నేను మస్కట్ పోయేటప్పుడు మెట్‌పల్లిలో తెలిసినాయనే, అక్కడున్న తమ్మునికి మందులు అంటూ ఒక పొట్లం చేతికిచ్చాడు. ఎవరినీ విప్పనియ్యకు అన్నాడు. నేను కూడా విప్పలేదు. అక్కడి విమానాశ్రయంలో విప్పారు. అందులో ఉన్నదానికి వాళ్ళు చెప్పిన పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. పదకొండు నెలలు జైల్లో ఉండి, దేవుని దయవల్ల బయటపడి వచ్చాను. సంఘంలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆనాటి నుంచి ఎవరి చేతిలో ఏ సంచి చూసినా నా కన్ను ముందు మనిషి ముఖం మీదికి పోదు, సంచి మీదికే పోతుంది.

ఆ వారమంతా పగడం ధర ఎంతుంటుందని కోరుట్లలో కనపడ్డవాళ్ళందరినీ అడిగాను, అసలు సంగతి తప్ప మిగతావన్నీ సుమలతను ఫోనులో తిప్పి తిప్పి అడిగాను. దీవి పేరు అడిగితే చెప్పింది గానీ, ఎవరికీ చెప్పకు అంది. పగడం బాగున్న చోట్లు తెలిస్తే జనం ఎగబడతారట. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు. వీడియోలు ఎవరికీ పంపకు అంది. రాత్రి అక్కడ ఎవరూ ఉండరు, పొద్దున పడవలో పోయి పొద్దుగూకకముందే వచ్చేస్తాం అంది. ఒక్కొక్క జవాబూ సక్రమంగానే ఉంది. అన్నీ అంత సక్రమంగా ఉండడమే నాకు నచ్చలేదు.

మే నెలాఖరుకు ఆమె ఏడాది ఒప్పందం అయిపోతుంది. ఇంకో మూడేళ్ళు ఉంచుకోవడమా, పంపేయడమా అన్నది అక్కడి పెద్ద సార్ రాసే కాయితం మీద ఉంది.

"ఉంచుకుంటె మంచిగుండు బాపూ. నాకు గీ పనే కావాలె" అంది.

మంచిదే బిడ్డా అన్నాను. మనసులో మాత్రం, ఆ కాయితం రాకముందే పిల్లను ఇంటికి తెచ్చుకోవాలని అనుకున్నాను. ఒకసారి వచ్చి చూసి పోతాం అంటే ఆమె ఫోనులోనే గంతులు వేసింది. తల్లి సర్వపిండికి బియ్యం పట్టించింది. ఆదివారం సంఘంలో మా ప్రయాణం క్షేమంగా జరగాలని పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను లోపల వేరే ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, అక్కడ దాచిపెట్టింది ఏదో నా కళ్ళకు చూపించు అన్నాను.

*

పోర్ట్ బ్లెయిర్‌లో ఆమె ఉండేది ఒక్క గది. మేం పోయిన మూడో రోజున దీవికి అనుమతి దొరికింది. పొద్దున్నే పడవల రేవుకు పోయాం. అక్కడ బల్ల వేసుకొని కూర్చున్న గార్డు వచ్చినవాళ్ళందరి సంచులూ విప్పించి, ప్లాస్టిక్ వస్తువు ఏది కనపడితే అది కాయితం మీద రాస్తున్నాడు. ఎల్లవ్వ సర్వపిండి కవరులో తెచ్చింది. కవరు తీసేసి సర్వపిండిని ఆమె కొంగులో వేశారు. ఆమె దువ్వెనను కూడా రాసుకున్నారు.

"పొయ్యేటప్పుడు ఒక దువ్వెన, అచ్చేటప్పుడు ఒక దువ్వెన" అంది ఎల్లవ్వ. "మా దిక్కు పెండ్లిల గిట్ల రాసేటోడుంటె ఒక్క చెంచ గూడ మాయం గాకుండు."

సుమలత నవ్వుతూనే ఉంది. ఆ పిల్ల నల్లబడింది, భుజాలు గట్టిపడ్డాయి. రేవులో ప్రతివాడూ ఆమెను పేరు పెట్టి పలకరిస్తున్నాడు. పలకరించిన ప్రతి ఒక్కరినీ నేను పరీక్షగా చూశాను.

సంచుల తర్వాత ఆధార్ కార్డులు అడిగారు. అక్కడ ఇచ్చిపోవాలి, సాయంత్రం తిరిగి తీసుకోవాలి. నా చెయ్యి నాకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. మస్కట్‌లో దిగిన వాళ్ళందరి దగ్గరా ముందు తీసుకునేది పాస్‌పోర్టే.

"నా కార్డు నేనియ్య" అన్నాను.

వెనక వరుసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. సుమలత ముఖంలో నవ్వు పోయింది. ఇచ్చెయ్యి బాపూ, అందరిదీ తీసుకుంటరు అని నెమ్మదిగా చెప్పింది. నేను కదలలేదు. అప్పుడు మా పడవ నడిపే చంద్రయ్య ముందుకు వచ్చాడు. వాళ్ళ తాత కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట.

"ఏటి బావూ, కార్డు తినేస్తారనుకున్నావేటి? సాయంత్రం ఎవుడి కార్డు మిగిలిపోతే ఆడు దీవిలో ఉండిపోయినాడని తెలుస్తాది. ఆడికోసం మళ్ళీ పడవేసుకొని నానే ఎల్లాల" అన్నాడు.

మనిషి పోకుండా కార్డు పట్టుకోవడం నేను చూశాను. మనిషి తిరిగి రావాలని పట్టుకోవడం అప్పుడే విన్నాను. కార్డు ఇచ్చాను గానీ ఆ మాట నమ్మి ఇవ్వలేదు.

దీవి చిన్నది. నీళ్ళ అంచుదాకా అడవి, మధ్యలో ఉప్పు పోసినట్టు తెల్లటి ఇసుక. అంగడి లేదు, గుడిసె లేదు. గవ్వ గానీ, రాయి గానీ, పిడికెడు ఇసుక గానీ తీసుకుపోతే జైలు అని మూడు భాషల్లో బోర్డు ఉంది. ఆ బోర్డును నేను రెండు భాషల్లో చదివాను.

అడుగున అద్దం బిగించిన చిన్న పడవలో మమ్మల్ని ఎక్కించింది సుమలత. పది గజాలు పోగానే ఎల్లవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. అద్దం కింద వేరే లోకం ఉంది. దుప్పి కొమ్ముల్లాంటివి, గోబీపువ్వుల్లాంటివి, ఇప్పుడే తవ్వి కుప్ప పోసిన పసుపు కొమ్ముల్లాంటివి. వాటి సందుల్లో పసుపూ నీలమూ చారల చేపలు, తొందరేమీ లేనట్టు తిరుగుతున్నాయి. సముద్రాన్ని దేవుడే చేశాడని ఎన్నో ఆదివారాలు పాడాను. అందులో ఏం పెట్టాడో ఒక్కసారీ ఆలోచించలేదు. చూసే మనిషే లేని చోట ఇన్ని రంగులు ఎవరి కోసం పెట్టినట్టు?

మధ్యలో కొన్నిచోట్ల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అవి ఇంకా అందంగా ఉన్నాయి అనుకున్నాను. సుమలత తల అడ్డంగా ఊపింది.

"గియి రాళ్ళు గావు బాపూ, పాణమున్నయి. ఈ ఎండాకాలం నీళ్ళు కాగినయి. కాక తట్టుకోలేక రంగు పోయింది. గిట్లనే ఇంకొన్ని దినాలుంటె సచ్చిపోతయి."

తర్వాత పడవను ఆమె పనిచేసే చోటికి తీసుకుపోయింది. ఇసుక అడుగున ఇనుప చట్రాలు వరుసగా ఉన్నాయి. వాటికి వేలెడు, జానెడు మొక్కల్లా పగడపు ముక్కలు కట్టి ఉన్నాయి. ఎల్లవ్వ అద్దం మీదికి వంగింది. ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ పొలాల్లో నాట్లు వేసిన మనిషి ఆమె.

"గియి నార్లు గదనే" అంది. "సాళ్ళ మధ్యల గింత ఎడమెందుకిడిసినవు?"

"పెరిగితె ఒకదాన్నొకటి తాకొద్దని అవ్వా."

"మరి గా మూలకు పడిపోయినయేంది?"

"నీళ్ళ గుంజుడుకు."

"నీళ్ళు ఎటు గుంజితె అటు వాలేటట్టు పెట్టాలె. ఎదురు పెడితె నిలుస్తయా?"

సుమలత తల్లి దిక్కు తిరిగింది. "గా సంగతి ఎరుకయ్యెతందుకు మా సార్‌కు నాలుగు నెలలు పట్టింది" అంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకొని అద్దంలోకి చూస్తూ, ఎక్కడ ఎన్ని బతికాయో, ఎక్కడ పోయాయో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అంత సేపు తల్లీబిడ్డలు ఒక పని గురించి మాట్లాడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

నాకు సంతోషం కలగకపోలేదు. కానీ దానికింద పాత ఆలోచన కదులుతూనే ఉంది. విలువ ఉన్నచోటే కాపలా పెడతారు. కాపలా ఉన్నచోట దొంగతనం కూడా ఉంటుంది.

మధ్యాహ్నం దాటాక, చెట్ల నీడలో నేను ఎదురుచూస్తున్నది కనపడింది. పెద్ద సార్ ఒడిశా మనిషి, సన్నగా, ఎండకు మాడి ఉన్నాడు. మూత ఉన్న ఒక పెట్టెను సుమలత చేతికి ఇచ్చి, అటూఇటూ చూసి, చిన్న గొంతుతో చెప్పాడు. కిసీకో ఖోల్నే మత్ దేనా. ఎవరినీ తెరవనియ్యకు.

మెట్‌పల్లి ఆయన చెప్పిన మాట అదే. భాష ఒక్కటే వేరు.

*

తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. పడవ ఎగిరెగిరి పడుతోంది. ఎల్లవ్వ పడవ ముందుభాగంలో అంచు పట్టుకొని వాంతి చేసుకుంటోంది. సుమలత అప్పటిదాకా తన ఒడిలో పెట్టుకున్న పెట్టెను తెచ్చి నా ఒడిలో పెట్టింది. దానిచుట్టూ తడిబట్ట చుట్టి ఉంది.

"బాపూ, గిది జర పట్టుకో. ఎండ తాకనియ్యకు. మూత తియ్యకు. అవ్వ దగ్గరికి పోయస్త" అంది.

లోపల ఏముంది బిడ్డా అని అడగడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఆమె నాకు ఆరడుగుల దూరంలో ఉంది. అడగలేదు. ఆమె అటు తిరగగానే తడిబట్ట జరిపి మూత తీశాను.

ఆరు సీసాలు. ప్రతి సీసాలో నీళ్ళు, నీళ్ళలో వేలెడు పగడపు ముక్క. మూడు గోధుమరంగు, రెండు ఆకుపచ్చ, ఒకటి వంకాయరంగు. ఒక్కటి కూడా తెల్లబడలేదు. సీసాల మీద అంకెలు వేసి ఉన్నాయి.

గవ్వ తీసుకుంటే జైలన్న బోర్డు గుర్తొచ్చింది. దువ్వెన లెక్క రాసే గార్డు గుర్తొచ్చాడు. ఇంకో అరగంటలో రేవులో ఈ పెట్టె విప్పుతారు. అప్పుడిది సార్ చేతిలో ఉండదు, మా పిల్ల చేతిలో ఉంటుంది. ఆనాడు నా పొట్లాన్ని ఎవరైనా లాగి పారేసి ఉంటే నా పదకొండు నెలలు నాకు మిగిలేవి.

పక్కకు వంగి మొదటి సీసాను నీళ్ళలో వంపాను. తర్వాత రెండోది. చంద్రయ్య చుక్కాని దగ్గర అటు తిరిగి ఉన్నాడు, మిగతావాళ్ళు తలలు వంచుకొని ఉన్నారు. ఆరూ వంపేశాను. సీసాలను మాత్రం పారేయలేదు, సముద్రంలో చెత్త వేయకూడదని పొద్దున అంతసేపు చెప్పారు కదా. మూతలు గట్టిగా బిగించి, పెట్టె మూసి, బట్ట చుట్టి, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చూపించమని అడిగాను, చూపించాడు అనుకున్నాను.

రేవులో దిగగానే సుమలత పెట్టె తీసుకొని నేరుగా గార్డు దగ్గరికే పోయింది. దాచలేదు. సంచిలోంచి కాయితం తీసి ఇచ్చింది. దాని మీద మూడు ముద్రలు ఉన్నాయి. గార్డు కాయితంలో ఆరు అంకెలు చూసుకొని మూత తీశాడు.

ఆ ముద్రలు చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఆమె ఒక్కొక్క సీసా తీసి చూసింది. మూతలు బిగించి ఉన్నాయి. పెట్టె అడుగున చుక్క నీరు లేదు. తల ఎత్తి నన్ను చూసింది. ఒక్కసారే చూసింది. ఈలోపు వెనక పడవలో నుంచి పెద్ద సార్ దిగి వచ్చాడు. ఆమె ఆయనతో హిందీలో, మూతలు నేనే సరిగా పెట్టలేదు సార్, కుదుపుకు ఒలికిపోయాయి అని చెప్పింది. ఆయన ఒక సీసా తీసుకొని మూత తిప్పబోయాడు. అది అంత సులువుగా రాలేదు. సీసాను మళ్ళీ పెట్టెలో పెట్టి పోయాడు.

మా కార్డులు మాకిచ్చారు.

*

గదికి వచ్చాక ఆమె జరిగిందంతా తల్లికి చెప్పింది. నాకు కాదు, తల్లికే. నేను గోడకు ఆనుకొని విన్నాను.

దీవికి తూర్పు వైపు ఉన్న పగడమంతా ఈ వేడికి తెల్లబడింది. ఒక్క గుంపు మాత్రం రంగు పోకుండా నిలబడింది. అది ఎందుకు నిలబడిందో తెలిస్తే, దాన్నే తెచ్చి మిగతాచోట్ల నాటవచ్చు. ఆరు ముక్కలు తీసుకోవడానికి మూడు నెలలు కాయితాలు రాస్తే ఒక్కసారికి అనుమతి వచ్చింది. ఆ గుంపు సంగతి బయటికి పొక్కితే జనం ఎగబడతారనే సార్ అట్లా చాటుగా చెప్పాడట. ఇప్పుడు ఆ గుంపు కూడా అంచుల్లో పాలిపోతోంది. వానలు వెళ్ళేదాకా దానిమీద కత్తెర పెట్టనివ్వరు. అప్పటికి అది ఉంటుందో లేదో.

నేను చేసిందీ, పిల్లను ఇంటికి తెచ్చుకోవాలనుకున్నదీ అప్పుడు ఒప్పుకున్నాను. ఒప్పుకొని కూడా ఊరుకోలేదు. సముద్రంలో నుంచి తెచ్చింది సముద్రంలోకే పోయింది కదా, ఎక్కడో ఒకచోట బతుకుతుంది కదా అన్నాను.

ఎల్లవ్వ నా దిక్కు తిరిగింది. "నారు తీస్కపోయి నడి చెరువుల పారబోస్తె నాటినట్టేనా?" అంది.

"గంత లోతుల వెలుతురుండదవ్వా. బతుకయి" అంది సుమలత. ఆ తర్వాత కూడా తల్లి ముఖమే చూస్తూ అంది. "కోరుట్లల అందరినడిగిండు. సిరిసిల్లల మామ మాట నమ్మిండు. నన్ను సక్కగ అడిగితె చెప్పకపోదునా?"

రెండు రోజులు నాతో నేరుగా మాట్లాడలేదు. కసురుకోలేదు, విసురుకోలేదు. కంచంలో అన్నం పెట్టి, తినుమను అవ్వా అనేది. నా అంగీ ఉతికి ఆరేసి, అంగీ ఎండింది చెప్పవ్వా అనేది. ఒక్క గదిలో ముగ్గురమే ఉండి, నాకు చేరవలసిన ప్రతి మాటా ఎల్లవ్వ మీదుగా చేరేది.

మూడో రోజు పొద్దున సుమలత ఆఫీసుకు పోయాక ఎల్లవ్వ నా దగ్గర కూర్చుంది.

"పిల్ల కాయితం రాసుకున్నది. తన తప్పేనని రాసుకున్నది. ఇయ్యాల ఇస్తదట. గా కాయితం ఇచ్చినంక ఇగ ఉంచుకోరట" అంది. లేస్తూ, "నువ్వనుకున్నట్టే ఇంటికస్తది. సంబరమేనా?" అంది.

మోకాళ్ళ మీద కూర్చొని ప్రార్థన చేశాను. ఏం చేయమంటావు ప్రభువా అని అడిగాను. తెలిసినదాన్నే అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడు? లేచి అంగీ వేసుకొని ఆఫీసుకు పోయాను.

పెద్ద సార్ లోపల ఒక్కడే ఉన్నాడు. మస్కట్ జైల్లో నేర్చుకున్న హిందీలో మొత్తం చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు, ఎందుకు అని. పదకొండు నెలల సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో సంఘం బయట దాన్ని చెప్పింది ఆయనకే. జాలిపడతాడనుకున్నాను. పడ్డాడో లేదో ముఖంలో తెలియలేదు.

పెట్టెను బయటి మనిషి చేతికి ఇవ్వడం మీ అమ్మాయి తప్పే, అది నేను రాయాల్సిందే అన్నాడు. ఏడాదిపాటు ఆమె చేతికి ఇట్లాంటి పెట్టె ఇవ్వరట. కానీ మూతలు పెట్టడం చేతగాని మనిషిని ఉంచమని పైవాళ్ళను అడగలేను, తండ్రిని నమ్మి పెట్టె ఇచ్చిన మనిషినైతే అడగగలను అన్నాడు. నువ్వు చేసింది నీ చేతితో, నీ భాషలో రాసివ్వు, అమ్మాయి నాకు హిందీలో చెబుతుంది, ఫైలులో పెడతాను అన్నాడు.

తెల్లకాయితం ఇచ్చారు. నేను చదివింది ఏడో తరగతి. సంఘంలో లెక్క రాయడం తప్ప ఇంకేమీ రాయను. ఊరి పేరు, నా పేరు సామేలు అని రాసి, పడవలో జరిగింది వరుసగా రాశాను. చివర, వీళ్ళు నా బిడ్డను మోసం చేస్తున్నారని అనుకున్నాను అని రాశాను. మళ్ళీ చదువుకున్నాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మోసపోతున్నదని అనుకొని ఉంటే పడవలో ఆమెనే పిలిచి చెప్పేవాణ్ణి కదా. ఆరడుగుల దూరంలోనే ఉంది. ఆ మాట కొట్టేసి, కింద ఇంకొక మాట రాశాను.

సుమలతను పిలిచారు. నన్ను అక్కడ చూసి గడపలోనే నిలబడింది. సార్ కాయితం ఇచ్చాక, ముందు తనలో తాను మొత్తం చదువుకుంది. తర్వాత ఒక్కొక్క వాక్యం హిందీలో చెప్పింది. పెట్టెను నా ఒడిలో పెట్టింది. మూత తీయవద్దని చెప్పింది. నేను తీశాను. ఆరు సీసాలూ సముద్రంలో వంపాను. ఆమెకు తెలియదు. సార్ తలవంచి రాసుకుంటున్నాడు.

చివరి వాక్యం దగ్గరికి వచ్చింది. మా నాన్న నా గురించి భయపడ్డాడు అని చెప్పి, కాయితం బల్ల మీద పెట్టింది.

నాకు ఆ మాత్రం హిందీ వచ్చు.

"నహీ సాబ్" అన్నాను. "ఒక మాట మిగిలిపోయింది."

సార్ ఇద్దరినీ చూశాడు. సుమలత నా దిక్కు తిరిగింది. "గా మాట వద్దు" అంది. "గా మాట లేకున్నా నడుస్తది."

"చదువు బిడ్డా."

ఆమె కాయితం మళ్ళీ తీసుకుంది. ముందు నేను రాసినట్టే తెలుగులో చదివింది. నేను నా బిడ్డను దొంగ అనుకున్నాను. తర్వాత అదే హిందీలో చెప్పింది. గొంతు పైకి పోలేదు, కిందికి రాలేదు. సార్ రాసుకొని కలం మూత పెట్టాడు.

సుమలత కాయితాన్ని నా వైపు తిప్పింది. అడుగున ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఈడ సంతకం పెట్టు, బాపూ" అంది.